రాతి మీద రాయాల్సిన పేరు

గద్వాల
3 ఫిబ్రవరి 2025

పెద్దనాయినకు,

నీ రేఖ వందనాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకు. పోయిన వారం స్కూల్లో నుంచి నీకు ఫోన్ చేసి అరిస్తే మా టీచర్లందరూ విన్నారు, నువ్వు తప్ప. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "మీ పెద్దనాయిన ఆరోగ్యం ఎట్లుంది?" అని అడిగాడు. అందుకే ఇక నుంచి తపాలా.

మార్చి 22కి నాయిన పోయి ఏడాది అవుతుంది. ఆ రోజు పెబ్బేరులో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. సమాధికి రాయి కూడా అప్పుడే నిలబెట్టాలని అమ్మ పట్టు. రాయి చెక్కే నాగన్న నల్లరాయి తెప్పించి, ఏం చెక్కాలో కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. నేను ఇట్లా రాశాను:

హవల్దార్ యోసేపు
భారత సైన్యం
పుట్టుక 1 జూలై 1951
మరణం 22 మార్చి 2024

చూసి బాగుందో లేదో చెప్పు.

ఇంకో పని. కూడికలో నాయిన జీవితం గురించి నేను చదవాలి. ఇంట్లో ఆయన ఎట్లా ఉండేవాడో రాయడానికి నాకు నోటుబుక్కే చాలదు. సెలవు మీద వచ్చినప్పుడు చెంబులో నిప్పులు పోసి మా యూనిఫారాలు ఇస్త్రీ చేసేవాడు. అన్నానికి విజిల్ వేసి పిలిచేవాడు. నాకు జడలు వేస్తే కనుబొమ్మలు నెత్తికి ఎక్కేవి. నా పదో తరగతి పరీక్షలప్పుడు గేటు బయట మూడు గంటలు నిలబడ్డాడు. ఎవరో కుర్చీ తెచ్చి ఇస్తే, "వద్దు, డ్యూటీల ఉన్న" అన్నాడట. ఇవన్నీ రాశాను. సైన్యానికి పోకముందు సంగతులు మాత్రం నాకేమీ తెలియవు. మీ ఊరు శ్రీశైలం నీళ్ళలో మునిగింది, అప్పటి మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. చెప్పడానికి నువ్వొక్కడివే మిగిలావు. గొప్పలు కాకుండా నిజాలు రాయి.

పెద్దమ్మను అడిగానని చెప్పు. చెవిలో మందు వేసుకో.

నీ
రేఖ

*

బల్మూర్
9 ఫిబ్రవరి 2025

అమ్మా రేఖకు,

నీ పెద్దనాయిన, పెద్దమ్మ దీవెనలు. ఇక్కడ మేము, మా రెండు మేకలు క్షేమం. నా చెవికి ఏ రోగమూ లేదు. మీ పెద్దమ్మ జోగులమ్మ మాటలు నలభై అయిదేళ్ళు విని అలిసిపోయి, అది విశ్రాంతి తీసుకుంటోంది, అంతే.

మీ నాయిన సంగతులు అడిగావు. రాసుకో. ఇంట్లోనూ ఊళ్ళోనూ నన్ను పెద్దోడు అని, వాడిని చిన్నోడు అని పిలిచేవారు. చిన్నోడు నాలుగో తరగతి దాకా చదివాడు, అది కూడా మధ్యాహ్నం బడిలో పెట్టే ఉప్మా కోసం. సరిహద్దులో తుపాకీ పట్టి నిలబడ్డ మీ హవల్దారుకు కప్పంటే భయం. వానాకాలం ఇంట్లోకి కప్ప వస్తే మంచమెక్కి, "అన్నా, తీసెయ్యే" అని మొత్తుకునేవాడు. ఇది కూడికలో చదువు. పాస్టరుగారు కూడా నవ్వాలి. ఒకసారి మా అమ్మకు జ్వరమొస్తే మూడు రోజులు వాడే వంట చేశాడు. రొట్టెలు ఎంత గట్టిగా వచ్చాయంటే కుక్క కూడా ఆలోచించి ముట్టింది.

రాయి సంగతి. నువ్వు రాసింది తప్పు. ఏది తప్పో నీకు తెలుసు. మీ నాయిన వనపర్తి దవాఖానలో నా చెయ్యి పట్టుకుని, "పిల్లకు అన్ని చెప్త అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. మాట మీద నిలబడే మనిషి కదా, చెప్పే ఉంటాడు. కాబట్టి ఆ తప్పు సరిచేయించు. నేను మళ్ళీ విప్పి చెప్పను.

నీ పెద్దనాయిన
యేసుబాబు

*

గద్వాల
14 ఫిబ్రవరి 2025

పెద్దనాయినకు,

నాయిన దవాఖానలో నాకు చెప్పినవి మూడే: అమ్మ బీపీ గోలీలు ఎప్పుడెప్పుడు వేయాలో, బోరు స్టార్టరు ఎట్లా తట్టాలో, తన బూట్లు ఎవ్వరికీ ఇవ్వొద్దని. నాలుగోది చెప్పబోయాడేమో తెలియదు. ఆ సాయంత్రమే ఆయనకు మాట పడిపోయింది.

అయినా నేను టీచరును కదా, తప్పు పట్టేశాను. పుట్టిన తేదీయే కదా? మీ కాలంలో బడి అయ్యవారు అందరినీ జూలై ఒకటో తారీఖునే పుట్టించాడని నాకు తెలుసు. తేదీ తీసేశాను. "హవల్దార్" మీద కూడా అనుమానం వచ్చింది. నువ్వు ఎప్పుడూ "మా సిపాయి" అనే అంటావు. మేము ఏమైనా పెద్ద చేసి రాశామా అని డిస్చార్జి పుస్తకం తీసి చూశాను. హవల్దారే. కాబట్టి అది ఉంచాను.

పెబ్బేరు పోయి అమ్మను అడిగితే, "బావ ఎట్ల చెప్తే గట్ల చెయ్యి" అని పని ఉన్నట్టు దొడ్లోకి పోయింది. ఆమెకు కన్నీళ్ళు వచ్చాయనుకుని నేను వెంటపడలేదు.

కప్ప సంగతి చదివి గంటసేపు నవ్వాను. మాకేమో, పాములను చేత్తో పట్టేవాడినని చెప్పేవాడు.

రేఖ

*

బల్మూర్
20 ఫిబ్రవరి 2025

రేఖకు,

తేదీ తీసేశావు. సంతోషం. అసలు దాన్ని మాత్రం అట్లాగే ఉంచావు.

నీకు తెలియదన్నట్టు రాస్తే నేను నమ్ముతానా? నిజం రాయడానికి సిగ్గయితే సిగ్గని చెప్పు. నువ్వు గద్వాలలో నలుగురిలో తిరిగే టీచరమ్మవు, నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ రాయి అట్లాగే నిలబెడితే కూడికకు నేను రాను. నా మోకాలు కూడా బస్సెక్కడానికి ఒప్పుకోవడం లేదు, దానికీ నాకూ మాట కలిసింది.

"ముసలోనికి అలక పుట్టింది, తొట్టె కట్టాలె" అంటోంది మీ పెద్దమ్మ. కట్టనీ.

యేసుబాబు

*

గద్వాల
25 ఫిబ్రవరి 2025

పెద్దనాయినా,

నాకు సిగ్గా? దేనికి? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ కోపం పెరిగింది.

ఒకటి అడుగుతాను, తప్పైతే కూడికకు వచ్చి అందరి ముందు నా చెవి మెలిపెట్టు. నువ్వు కూడా సైన్యానికి పోవాలనుకున్నావనీ, భర్తీ రోజుకు కామెర్లు వచ్చి ఆగిపోయావనీ నాయిన ఒకసారి చెప్పాడు. ఆ బాధ నీకు ఇంకా ఉందా? తమ్ముడి పేరు ముందు "హవల్దార్" అని రాయి మీద చూడలేకపోతున్నావా? అట్లయితే ఆ మాట తీసేస్తాను. ఆయన ఉంటే తానే తీసెయ్యమనేవాడు. సెలవు మీద రైలు దిగిన ప్రతిసారీ మా కంటే ముందు బల్మూర్ వచ్చి నిన్ను చూసి పోయేవాడు. బస్టాండులో అందరి ముందు నీకు సెల్యూట్ కొట్టేవాడు. అది విని మేం నవ్వేవాళ్ళం. "మాకు లడ్డూలు ఆలస్యం, పెద్దనాయినకు సెల్యూట్ ముందు" అని అమ్మ దెప్పేది. అంత ప్రేమగల మనిషి మీద ఏడాది తర్వాత ఈ పంతం ఏంది?

నాగన్న మార్చి 15కల్లా అక్షరాలు ఖాయం చేయమంటున్నాడు. విప్పి చెప్పు.

రేఖ

*

బల్మూర్
2 మార్చి 2025

అమ్మా రేఖా,

మీ నాయిన నీకు చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది. నిన్ను సిగ్గుపడుతున్నావని అన్నందుకు క్షమించు. మీ పెద్దమ్మ నిద్రపోతున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం దొంగలా కూర్చుని రాస్తున్నాను. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

రాతి మీద నువ్వు రాసిన యోసేపు మీ నాయిన కాడు. నేను.

మా అమ్మానాన్నలు నాకు పెట్టిన పేరు యోసేపు. చిన్నోడి పేరు యేసుబాబు. నేను ఎనిమిదో తరగతి పాసయ్యాను. ఆ సర్టిఫికెట్ రేకుపెట్టెలో, మా అమ్మ పెళ్ళి చీర మడతలో ఉండేది. 1972లో మహబూబ్‌నగర్‌లో భర్తీ పెట్టారు. నేను పోవాలి. అంతకు రెండు వారాల ముందు నా కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. ఆకుపసరు తాగి మంచంలో పడి ఉన్నాను. చిన్నోడు "కూలికి పోతున్న" అని చెప్పి పెట్టె తెరిచి సర్టిఫికెట్ తీసుకుని పోయాడు. మనిషి ఏపుగా పెరిగాడు, ఛాతీ కొలిచి తీసేసుకున్నారు. యోసేపు పేరు పిలిస్తే వాడు "హాజిర్" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ వాడు ఒక్క పూటలో ఇరవై ఒకటయ్యాడు.

కాబట్టి కాగితాల ప్రకారం నువ్వు నా కూతురివి. నీ పదో తరగతి మెమోలో తండ్రి పేరు చూసుకో. ఇన్నేళ్ళు తండ్రిని పట్టుకుని ఎంత ఎదురు మాట్లాడావో లెక్క తేల్చుకో.

పెద్దనాయిన

*

గద్వాల
8 మార్చి 2025

పెద్దనాయినా,

నువ్వు నవ్వించాలని రాశావు. నాకు నవ్వు రాలేదు.

అంటే నాయిన దొంగతనం చేశాడా? నేను కూడికలో చదవడానికి రాసుకున్న మొదటి వాక్యం, "మా నాయిన జీవితంలో ఒకరి వస్తువు ముట్టుకోలేదు" అని. నువ్వు ఆ తర్వాత డ్యాములకు మట్టి మోయడానికి పోయావని నాకు తెలుసు. ఆ సర్టిఫికెట్ ఉంటే నీకు మోయాల్సిన పని ఉండేది కాదు కదా. మాకు ఇస్త్రీ బట్టలు, నీకు తట్టా పారా.

ఆయన నీ దగ్గర తీసుకున్నాడా, నువ్వు ఇచ్చావా? అది తెలిసేదాకా నేను ఆయన గురించి ఒక్క మాట కూడా చదవలేను. అమ్మకు చెప్పలేదు. ఆమె నలభై ఆరేళ్ళు ఎవరి భార్యనని అనుకుందో, ఆ పేరే అబద్ధమని ఎట్లా చెప్పను?

రేఖ

*

బల్మూర్
12 మార్చి 2025

అమ్మా రేఖా,

తీసుకున్నాడా, ఇచ్చానా అని అడిగావు. మొదట తీసుకున్నాడు. తర్వాత నేను ఇచ్చాను. మధ్యలో రెండు నెలలు నాకు కోపం ఉండింది. ఎంత కోపమంటే, కామెర్లు తగ్గాయి కానీ అది తగ్గలేదు. ట్రైనింగ్ నుంచి వాడు ఉత్తరం రాయిస్తే చదవకుండా పొయ్యిలో పెట్టాను.

రెండు నెలల తర్వాత సైకిల్ మీద ఒక పోలీసు జవాను వచ్చాడు. సైన్యంలో చేరినవాడి గుణం ఎట్లాంటిదో ఊళ్ళో విచారించి పోవాలట. నేను వాకిట్లో కూర్చుని మజ్జిగన్నం తింటున్నాను.

"యోసేపు ఇల్లు ఇదేనా?" అన్నాడు.

మా అమ్మ గడపలో చాట పట్టుకుని నిలబడింది. చాట ఒరిగి బియ్యం కింద పడుతున్నాయి. ఆమె నా వైపు చూడలేదు. నేను "యోసేపును నేనే" అని ఒక్క మాట అంటే చాలు. వాడిని పట్టుకొచ్చి లోపలేస్తారు, నా సర్టిఫికెట్ నాకు వస్తుంది. నిజం చెబుతున్నాను, ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది.

అప్పుడు ఆ జవాను, "పిల్లగాడు ఎట్లాంటోడు?" అని అడిగాడు. కప్పకు భయపడి మంచమెక్కినవాడు కళ్ళముందుకొచ్చాడు. అంత దూరం, అంత చలిలో, భాష రాని చోట, ఇంకొకరి పేరు పిలిస్తే పలుకుతూ ఎట్లా ఉన్నాడో అనిపించింది. నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"యోసేపు మా తమ్ముడు, మంచోడు. నా పేరు యేసుబాబు."

జవాను రాసుకుని, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి పోయాడు. నేను మిగిలిన అన్నం తిన్నాను. అంతే. ఆ రోజు నుంచి వాడు వదిలేసి పోయిన పేరును నేను తొడుక్కున్నాను. రేషన్ కార్డు, ఓటు, పెళ్ళి అన్నీ దాని మీదే. మట్టి మోసిన మాట నిజమే. మోసినందుకు నాకు బాధ లేదు, మోకాలికి ఉంది.

మొదటి సెలవులో వాడు వచ్చి నా ముందు నిలబడ్డాడు. "కొట్టు అన్నా" అన్నాడు. కొట్టాను, ఒకటే. తర్వాత వాడు బూట్లు దగ్గరికి పెట్టి సెల్యూట్ చేశాడు. "ఇది నీ నౌకరి. నేను చేస్తున్న, నీకు రిపోర్ట్ ఇచ్చి పోత" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళు ఇచ్చాడు. మీరు నవ్విన సెల్యూట్ అదే.

ఇక నా పంతం. పోయిన ఏడు అంత్యక్రియల్లో పాస్టరుగారు "మన సహోదరుడు యోసేపు" అని మూడుసార్లు అన్నారు. అందరూ యోసేపు కోసం ఏడ్చారు. బతికుండి తన చావుకు ఏడ్పులు వినే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది చెప్పు? నేను మాత్రం అక్కడ నిలబడి, చిన్నోడి కోసం ఒక్కరూ ఏడవలేదే అనుకున్నాను. వాడి పేరు పెట్టి ఒక్కరు కూడా పిలవలేదు. బతికున్నంత కాలం నా పేరు మోశాడు. మట్టిలో కూడా మోయాలా? అక్కడైనా వాడి పేరు వాడికి ఇవ్వండి. నాకు కావాల్సింది అదొక్కటే.

నా పేరు నాకు తిరిగి రాకపోయినా ఫరవాలేదు. మీ అమ్మకు ఎట్లా చెబుతావో నీ ఇష్టం. ఆమె బాధపడేటట్టయితే రాయిని నువ్వు రాసినట్టే వదిలెయ్యి. బతికున్న మనిషి ముఖ్యం.

మోకాలు నిజంగానే వాచింది. కూడికకు రాలేను, అలిగి మాత్రం కాదు.

పెద్దనాయిన

*

గద్వాల
24 మార్చి 2025

పెద్దనాయినకు,

దీన్ని రిజిస్టరు పోస్టులో పంపిస్తున్నాను. కవరు మీద పేరు చూసి బెదరకు.

నీ ఉత్తరం 15వ తేదీ ఉదయం వచ్చింది. వెంటనే దొరికిన బస్సుకు పెబ్బేరు పోయాను. దారంతా అమ్మకు ఎట్లా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకున్నాను. అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని, "అమ్మా, నాయిన అసలు పేరు" అన్నాను.

"యేసుబాబు" అంది అమ్మ, చిక్కుడుకాయ మీద నుంచి కళ్ళు ఎత్తకుండా.

పెళ్ళయిన మూడో నాడే నాయిన ఆమెకు చెప్పాడట. నలభై ఆరేళ్ళు ఎందుకు దాచావని అడిగాను. "నేనెక్కడ దాచిన? మొగని పేరు పలుకంగ నన్నెప్పుడన్న విన్నవా? బావ పేరు పలుకంగ విన్నవా? ఇద్దరి పేర్లూ నా నోట్లనే ఉన్నయి. నన్ను ఎవ్వరన్న అడిగిండ్రా?" అంది. మొన్న దొడ్లోకి పోయింది ఏడవడానికి కాదట, నవ్వు ఆపుకోవడానికి. నువ్వే చెబుతావని, నేనే కనుక్కుంటానని చూస్తూ కూర్చుంది.

అప్పటికప్పుడు చీర మార్చుకుని నాగన్న దగ్గరికి నడిచింది. ఏం చెక్కాలో తానే చెప్పింది. సైన్యంలో యోసేపు అని కూడా రాద్దామా అని నేనంటే, వద్దంది. "బావ పేరు బావకు ఉండనియ్యి. ఆయననేమో ఈ పుష్పమ్మ పెనిమిటి అంటే గుర్తుపట్టనోడు పెబ్బేరుల ఎవడున్నడు?" అంది. రాయి ఇట్లా ఉంది, ఫోటో కూడా పెట్టాను:

యేసుబాబు
హవల్దార్
పుష్పమ్మ భర్త
మరణం 22 మార్చి 2024

కూడికలో అన్నీ చదివాను. రేకుపెట్టె సంగతి కూడా దాచలేదు. మా నాయిన ఒకరి వస్తువు ముట్టుకోలేదన్న మొదటి వాక్యం కొట్టేసి, ఒక్కసారి ముట్టుకున్నాడని, బతికినంత కాలం దానికి జవాబు చెప్పుకున్నాడని రాశాను. పోలీసు జవానుతో నువ్వన్న మాట దగ్గర కాగితం దించేశాను. పక్కన అమ్మ నిలబడి మిగతాది తానే చెప్పింది, ఇద్దరి పేర్లూ పలికి. పాస్టరుగారు అప్పటికే యోసేపు పేరుతో ప్రార్థన ముగించి ఉన్నారు. అద్దాలు తుడుచుకుని, "దేవుడు కూడా సరిగ్గా వినాలె కద" అని మొదటినుంచి మళ్ళీ చేశారు, యేసుబాబు పేరుతో. చిన్నోడి కోసం చాలామంది ఏడ్చారు పెద్దనాయినా. కప్ప కాడికి వచ్చేసరికి నవ్వారు కూడా.

నాకు ఆయన మీద కోపం పోయింది. నీ మీద కొంచెం ఉంది, అది మోకాలు తగ్గాక వచ్చి తీర్చుకుంటాను.

కాగితాల ప్రకారం నీ కూతురు,
రేఖ

*

బల్మూర్
29 మార్చి 2025

అమ్మా రేఖా,

నీ రిజిస్టరు ఉత్తరం నిన్న వచ్చింది. వచ్చిందనడం కంటే, తిరిగి పోకుండా పట్టుకున్నాననడం సరి.

పోస్టుమాన్ వెంకటన్న ఇరవై ఏళ్ళుగా మా వాడకు ఉత్తరాలు ఇస్తున్నాడు. కవరు మీద "యోసేపు గారికి" అని చూసి, "ఈ పేరుగల మనిషి ఈడ లేడు, వాపస్ పంపుత" అని సైకిల్ తిప్పాడు. నేను అరుగు దిగి, వాచిన మోకాలితోనే వెంటపడ్డాను.

"ఇయ్యి వెంకటన్నా, అది నాదే."

"నీ పేరు యేసుబాబు గద?"

నలుగురు పోగయ్యారు. మీ పెద్దమ్మ కూడా గడపలోకి వచ్చి నిలబడింది. నేను చెప్పాను.

"యేసుబాబు మా తమ్ముడు. పోయిండు. వాని పేరు యాభై మూడేండ్లు నేను వాడుకున్న. నేను యోసేపును."

వెంకటన్న ఆధార్ చూపించమనలేదు. సంతకం చేయమని కాగితం ఇచ్చాడు. యోసేపు అని రాయడానికి నాకు చాలాసేపు పట్టింది, చెయ్యి అలవాటు తప్పింది. మీ పెద్దమ్మ మాత్రం, "నలభై అయిదేండ్లు నేను ఎవలతోని కాపురం చేసిన?" అని నడివాకిట్లో నిలబడి అడిగింది. నిన్నటి నుంచి నాకు టీ లేదు. తాను యేసుబాబు పెళ్ళామట, యోసేపు ఎవరో తెలియదట.

రాయి ఫోటో చూశాను. వాడి పేరు చదివాను. ఏడ్చాను అమ్మా. పోయిన ఏడు నేను ఏడవలేదు, మీరందరూ నన్ను గుండె గట్టివాడని అనుకున్నారు. గట్టివాడిని కాదు. అప్పుడు మీరు పూడ్చిపెట్టింది యోసేపును. మా తమ్ముడు నాకు నిన్ననే పోయాడు.

నీ పెద్దనాయిన
యోసేపు